మీ గుమ్మం ఎన్ని అడుగుల దగ్గర మునుగుతుంది?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడివాళ్లకు ఈ మూడు అంకెలూ కంఠతా వచ్చు. హెచ్చరిక ఊరంతటికీ ఒకటే. నీళ్లు మాత్రం ఒక్కో గుమ్మానికి ఒక్కో అంకె దగ్గర వస్తాయి. ఆ అంకె ఎవరిది వాళ్లకు తెలియాలి.

అడుగులతో పాటు వార్తల్లో క్యూసెక్కులు చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 2022 జులై 16న భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు ఎక్కినప్పుడు 24 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. ఆ జోరు ఒక్కరోజు నిలిస్తే 200 టీఎంసీలు దాటుతుంది. శ్రీశైలం జలాశయం నిండా పట్టేదే సుమారు 215. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 2022 కంటే ఎత్తుకు, 75.6 అడుగులకు వెళ్లింది.

మట్టం ఎంతుందన్నదే కాదు, ఎంత వేగంగా ఎక్కుతోందన్నదీ చూడాలి. గంటకు అర అడుగు పెరిగితే మొదటి హెచ్చరిక నుంచి మూడోదానికి 20 గంటల వ్యవధి. అడుగు చొప్పున ఎక్కితే 10 గంటలే. అందులో సగం రాత్రిపూట పోతే ముసలివాళ్లనీ పిల్లలనీ చీకట్లోనే నడిపించాలి.

పెద్ద నదినే చూస్తూ కూర్చుంటే పక్క వాగు ముంచుతుంది. గోదావరి నిండుగా ఉంటే కూనవరం దగ్గర శబరి అందులోకి దిగలేక వెనక్కి పోటెత్తుతుంది, చింతూరు వైపు రోడ్లు మునుగుతాయి. భద్రాచలంలో కరకట్ట స్లూయిస్‌లు మూసేస్తే ఊళ్లో పడిన వాన నదిలోకి పోయే దారి ఉండదు, మోటార్లతో తోడిపోయాల్సిందే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అందరి కళ్లూ కృష్ణ మీదే. సింగ్‌నగర్ ఇళ్లను ముంచింది మాత్రం బుడమేరు వాగు.

రోడ్డు మీద పారే నీటిని తక్కువగా చూడొద్దు. చీలమండ దాటి అరడుగు లోతున ఉధృతంగా పారే నీరు మనిషిని పడదోయగలదు. అడుగు లోతు చాలా కార్లను తేల్చేస్తుంది, రెండడుగులైతే జీపులకూ దిక్కులేదు. ప్రవాహ వేగం రెండింతలైతే తోపుడు బలం నాలుగింతలవుతుంది. నిన్న దాటిన కల్వర్టు కదా అని బండి దించకండి. కింద రోడ్డు మిగిలిందో లేదో బురదనీళ్లలో కనిపించదు.

మీ ఇంటి గోడ మీద పాత వరద చార ఉంటే వెల్ల వేసేటప్పుడు చెరపకండి. ఆ ఏడాదినీ, ఆ రోజు నది మట్టాన్నీ పక్కనే రాయండి. చార లేకపోతే పెద్దవాళ్లను అడగండి, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో వాళ్లకు గుర్తుంటుంది. గుమ్మం తడిసేది 50 అడుగులకైతే, ఊరి బయటి రోడ్డు 46కే తెగిపోతుంటే, మీరు కదలాల్సింది 46 రాకముందే.

బయల్దేరే ముందు మెయిన్ స్విచ్ దించండి, గ్యాస్ కట్టేయండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, మందుల చీటీలు పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకోండి. పశువులను తోలుకెళ్లే వీలు లేకపోతే పలుపులు విప్పి వెళ్లండి. వదిలేస్తే మెరక వెతుక్కుంటాయి, కట్టుకొయ్యకు ఉంటే ఈదడానికీ వీలుండదు.