కొండదారులను బాగుచేయుటకు వలసిన సన్నాహము

హైదరాబాదునకు పడమట హైటెక్ సిటీ, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతములందు నేడు అద్దపు మేడలున్న నేల చాలవరకు పూర్వము రాళ్లగుట్టలతో నిండియుండెడిది. ఇచ్చటి గ్రానైటు శిల పుట్టి సుమారు 250 కోట్ల సంవత్సరములైనదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పెక్కు గుట్టలు కట్టడములకు కంకరయై పోయినవి. మిగిలినవానిలో ఖాజాగూడ గుట్టలు ముఖ్యమైనవి. ఇట్టి శిలలను కాపాడవలెనని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘ మేర్పడి, జనులను గుట్టలకు తోడ్కొనిపోయి నడిపించుచు వచ్చినది. నడచువా రుండుట గుట్టకు మేలే. అయితే వారి కాలిబాట చెడిపోయినచో గుట్టకే కీడు కలుగును. అది యెట్లో విద్యార్థులు గ్రహింపవలయును.

కాలు మొరమును వదులుచేయును. వాననీరు దానిని కొట్టుకొనిపోవును. దారి గండిపడగా నడచువారు ప్రక్కకు తొలగి గడ్డి త్రొక్కుదురు. అచ్చటను గండి పడును. ఇట్లు ఒక దారి నాలుగు దారులై, పొదలు చచ్చి, మన్నంతయు పల్లమునకు దిగి, శిల బోడియగును.

కావున పని యంతయు నీటిని దారినుండి తప్పించుటయే. ఇందుకు దారిమీద రాళ్లను ఏటవాలు వరుసగా, మూడింట రెండుపాళ్లు నేలలో దిగునట్లు పాతి, పల్లపువైపు కొనను తెరచి విడువవలెను. సరిగా అడ్డముగా పాతినచో నీరు నిలిచి గట్టునే త్రెంచును. వరుస యెచ్చట వలయునో ఎండలో తెలియదు. జూలై ఆగస్టు నెలలలో పెద్దవాన వెలిసిన వెంటనే (ఉరుములు మెరుపులు ఉన్నంతసేపు గుట్ట నెక్కరాదు) దారివెంట నడచి, నీరు ఎచ్చట చేరుచున్నదో, ఎచ్చటికి పోగోరుచున్నదో పుస్తకములో గుర్తించుకొనవలెను. పలుగు పట్టుటకు అందరును త్వరపడుదురు. ఈ నడకకు మాత్రము కొందరే వత్తురు!

ఆ నేల యెవరి అధీనమున నున్నదో వారి అనుమతి యీలోపుననే పొందవలెను. పనికి అక్టోబరు మంచిది. ఆలస్యమైనకొలది మొరము ఎండి పలుగునకు లొంగదు. పలుగులు, పారలు, తట్టలు, కొడవళ్లు చాలును. పార కామ వదులుగా నున్నచో ముందే చీల దిగగొట్టవలెను. దారిపై వంగిన కొమ్మలనే కోయవలెను. సీతాఫలపు చెట్లను నరుకరాదు. శిలలపై రంగుతో బాణపుగుర్తులు వేయరాదు.

రాతిక్రింద తేలు గాని రక్తపింజరి గాని యుండవచ్చును గనుక చేయి పెట్టకముందు పలుగుతో కదల్పవలెను. గట్టి జోళ్లు, చేతితొడుగులు, చాలినంత నీరు తప్పవు. పాము కరచినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా బిగించి కట్టుట కూడదు. ఆ యవయవమును కదలనీయక, 108కి ఫోను చేసి, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్పవలెను. అట్టి ఆసుపత్రి సమీపమున ఏదో బయలుదేరకముందే విచారించి యుంచుకొనుడు.

మరుసటి వానాకాలమున రాతివరుసల వెనుక ఇసుక పేరుకొనియుండును. దానిని తట్టలతో ఎత్తి, దారిలోని గుంతలలో పోయవలెను.