తేనెటీగలకూ టీకా!



తేనె సీసా ఖాళీ అయితే మీరేం చేస్తారు? అడుగున ఇంకా కాస్త మిగిలే ఉంటుంది. కడగడానికి బద్ధకించి పెరటి గోడమీద పెట్టేస్తాం. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా పక్కింటామె మొన్న అదే పని చేసింది. కాజీపేట వైపు వెళ్లే రైలు కూత ఆగేలోగానే సీసా మూతి చుట్టూ ఈగలు ముసిరాయి. నేను ఆ సీసా తీసి లోపల పెట్టాను. ఆమె నొచ్చుకుంది. "వాటి తేనె అవి తింటే ఏమైతదక్కా? జబ్బు చేస్తదా?" అంది.

చేయవచ్చు. తేనెటీగల పిల్లలకు వచ్చే ఒక తెగులుంది. దాన్ని అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అంటారు. దానికి కారణమైన సూక్ష్మజీవి బీజాలు తేనెలో దాగి ఉండగలవు. ఆ తేనె తిన్నా మనకేమీ కాదు. కానీ ఈగ దాన్ని గూటికి మోసుకుపోతే మాత్రం పిల్లపురుగులు గదుల్లోనే కుళ్లి గోధుమరంగు జిగురైపోతాయి. అగ్గిపుల్ల ముంచి లాగితే, మనం బెల్లంపాకం చూసుకున్నట్టే తీగ సాగుతుంది! పెంపకందార్లు తెగులును గుర్తుపట్టేది అలాగే. ఈ బీజాలు ముప్పయ్యేళ్లు దాటినా చావవు. అందుకే చాలా దేశాల్లో తెగులు సోకిన పెట్టెల్ని ఈగలతో సహా తగలబెట్టేస్తారు.

మందులు లేవా అంటారేమో. యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. అవి బతికున్న సూక్ష్మజీవిని అణుస్తాయి గాని బీజాన్ని చంపలేవు. పైగా ఆ మందు తేనెలోకీ దిగుతుంది. 2010లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు మన బజారులో దొరికే 12 రకాల తేనె పరీక్షిస్తే, 11 రకాల్లో యాంటీబయాటిక్‌లు బయటపడ్డాయి.

మరి టీకా వేయకూడదా? తేనెటీగల రక్తంలో మనకున్నట్టు యాంటీబాడీలు ఉండవు. కాబట్టి వాటికి టీకా పనిచెయ్యదనే చాలాకాలం అనుకున్నారు. అయితే 2015లో హెల్సింకీ విశ్వవిద్యాలయానికి చెందిన హెలీ సాల్మెలా, డాలియల్ ఫ్రైటాక్, వారితో పనిచేసిన గ్రో అమ్‌డమ్ ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. రాణి ఈగ ఒంట్లో గుడ్డుకు బలమిచ్చే విటెలోజెనిన్ అనే ప్రొటీన్ ఉంది. రాణి తిన్న సూక్ష్మజీవి ముక్కల్ని అది పట్టుకుపోయి గుడ్డులో చేరుస్తుంది. బిడ్డ పుట్టకముందే శత్రువు ఆనవాలు తెలుసుకుంటుందన్నమాట. మనం బిడ్డకు ముర్రుపాలు పట్టిస్తాం చూడండి, ఇంచుమించు అలాంటిదే.

ఇక పద్ధతి చూడండి, ఎంత తేలికో! "అంత చిన్న ఈగకు సూది ఎక్కడ గుచ్చుతరక్కా?" అని మా పక్కింటామె నవ్వింది. సూదే లేదు. చంపిన సూక్ష్మజీవుల్ని పంచదార ముద్దలో కలిపి, రాణికి సేవచేసే కూలి ఈగల ముందు పెడతారు. అవి తిని, తమ ఒంట్లో ఊరే రాయల్ జెల్లీని రాణికి అందిస్తాయి. మంచి కాలంలో రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. తల్లి ఒక్కతి తింటే ఆ రక్షణ పిల్లలకు అందుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఈ టీకాకు షరతులతో అనుమతి ఇచ్చిన సంగతి 2023 జనవరిలో ప్రకటించారు. తయారుచేసింది డాలన్ అనే కంపెనీ. తెగులు అసలు రాదని కాదు, తగ్గుతుంది. ఇప్పటికే తెగులు పట్టిన పిల్లల్ని ఇది బతికించలేదు.

ఇదంతా పెట్టెల్లో పెంచే పాశ్చాత్య జాతి ఈగల సంగతి. మన పుట్టతేనె ఈగను కాల్చుకుతిన్నది వేరొకటి, థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్. పిల్లపురుగు చర్మం కింద నీరు చేరి, సంచిలా ఉబ్బి చచ్చిపోతుంది. 1991–92లో కర్ణాటక, తమిళనాడు, కేరళల్లో నూటికి తొంభైకి పైగా గూళ్లు ఖాళీ అయ్యాయి. తేనెమీద బతికే కుటుంబాలు పెట్టెల్ని అటకెక్కించాయి. ఆ తరవాత, బతికి బట్టకట్టిన గూళ్లనుంచే మళ్లీ సంతతిని పెంచుకుంటూ వచ్చారు. దీన్ని ఆపే టీకా మన పెంపకందార్ల చేతికి ఇంకా రాలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఏడాది నిండని పసిబిడ్డ నాలుకమీద తేనె రాయకండి, పెద్దవాళ్లు చెప్పినా సరే. తేనెలో మరో రకం సూక్ష్మజీవి బీజాలు కూడా ఉండవచ్చు. మనకు హాని చెయ్యకపోయినా, పసిపేగుల్లో అవి విషం పుట్టిస్తాయి.

ఆ సీసా సంగతా? వేడినీళ్లు, సబ్బుతో కడిగి, ఆమె అందులో ఆవాలు పోసుకుంది.