మిగిలిపోయిన ఆటలో మన భవాని

పేపర్లో సి.ఏ. భవానీదేవి అని చదివినవాళ్ళలో చాలామంది ఆ ‘సి’ ఏమిటా అని ఆలోచించి ఉండరు. చదలవాడ. పూర్తి పేరు చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి. తండ్రి మన తూర్పుగోదావరి నుంచి చెన్నై వెళ్ళి స్థిరపడిన కుటుంబంవాడు, పౌరోహిత్యం వృత్తి. ఒలింపిక్స్‌లో కత్తి పట్టుకుని బరిలోకి దిగిన భారతీయుల్లో, ఆడా మగా కలిపి, మొట్టమొదటి మనిషి ఈ పిల్లే. 1993 ఆగస్టు 27న పుట్టింది, చదివింది, ఆట నేర్చింది చెన్నైలో కాబట్టి తమిళులు తమ అమ్మాయి అంటారు. అనుకోనిద్దాం. అత్తిలిలో రైలెక్కి నిడదవోలు మీదుగా గోదావరి దాటితే వచ్చే ప్రాంతం ఆమె మూలం గనక మనకూ కాస్త వాటా ఉంది.

◆ ఆమె ఫెన్సింగ్‌ను ఎంచుకోలేదు. అదే మిగిలింది. 2004 ప్రాంతంలో మురుగ ధనుష్కోడి బాలికల పాఠశాలలో ఆటలకు పేర్లు రాసుకుంటుంటే, ఈమె వంతు వచ్చేసరికి మిగతా ఆటలన్నీ నిండిపోయాయి. ఖాళీ ఉన్నది ఫెన్సింగ్‌లోనే. అప్పటికి ఆమెకు పదో పదకొండో ఏళ్ళు. సాధనకు కత్తుల్లేవు, వెదురుబద్దలు. అసలు కత్తి పోటీరోజున బయటికొచ్చేది. విరిగితే ఇంకోటి కొనాలి, అది మన దగ్గర దొరికే సరుకు కాదు. ఇంట్లో ఐదుగురు పిల్లల్లో చివరిది. ఆట ఖర్చులకు తల్లి రమణి నగలు తాకట్టు పెట్టిందని భవానే చెప్పింది.

◆ పద్నాలుగేళ్ళకు మొదటి అంతర్జాతీయ పోటీ, టర్కీలో. మూడు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. నల్లకార్డు! ఫెన్సింగ్‌లో పసుపు కార్డంటే మందలింపు, ఎర్రకార్డంటే ఎదుటివాడికి ఒక పాయింటు, నల్లకార్డంటే ఇంటికే. పెళ్ళి ముహూర్తానికి కూడా అరగంట అటూఇటూ చూసుకునే మనవాళ్ళ బిడ్డకు ఇది కొంచెం గట్టి శిక్షే.

◆ అత్తిలి సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థంలో పిల్లలు ప్లాస్టిక్ కత్తి కొనుక్కుని చేసేది, కత్తి కాంతారావు జానపద సినిమాల్లో చేసింది ఒకటే: ఎదుటివాడి కత్తిని కొట్టడం. ఠంగుమని మోగాలి, జనం ఈల వెయ్యాలి. ఫెన్సింగ్‌లో పని దానికి తలకిందులు. ఎదుటి కత్తిని తప్పించుకుని ఒంటిని తాకాలి. నిజమైన ఆట చూస్తే సినిమా కత్తియుద్ధం కంటే చప్పగా ఉంటుంది, పైగా ఏం జరిగిందో కంటికి ఆనదు. స్టార్ వార్స్‌లో డార్త్ వేడర్ ముసుగు వెనక కత్తి తిప్పిన బాబ్ ఆండర్సన్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున సేబర్ ఆడినవాడు. అసలు ఆట తెలిసినవాడు గనకే సినిమాకు వేరే ఆట తయారుచేశాడు.

◆ కత్తులు మూడు రకాలు. ఫాయిల్ సన్నగా, వంగేలా ఉంటుంది, అరకిలో దాటకూడదు. దాని మొన మొండెం మీద తగిలితేనే లెక్క. చేతులు, కాళ్ళు, తల తగిలితే తెల్లలైటు వెలుగుతుంది, పాయింటు రాదు. ఎపీ బరువైనది, 770 గ్రాముల దాకా ఉండొచ్చు, కాలి బొటనవేలు తగిలినా పాయింటే. సేబర్ నడుము పైభాగంలో, మణికట్టు దాటిన చేయి తప్ప, ఎక్కడ తగిలినా చాలు, పొడవనక్కర్లేదు, అంచుతో కోసినా సరే. భవానిది సేబర్. మూడింట్లోకీ వేగమైనది అదే. ఒక్కో పాయింటు రెండు మూడు క్షణాల్లో తేలిపోతుంది.

ఇక్కడే కొత్తగా చూసేవాళ్ళకు బుర్ర తిరిగే సంగతి ఒకటుంది. ఫాయిల్‌లోనూ సేబర్‌లోనూ ఇద్దరి కత్తులూ ఒకేసారి తగిలి రెండు లైట్లూ వెలిగితే పాయింటు ఒక్కరికే, ముందుగా దాడి మొదలెట్టినవాడికి. రెండోవాడు ముందు ఆ కత్తిని పక్కకు తోసి, ఆ తర్వాత కొట్టాలి. తోసిన మరుక్షణం హక్కు అతనిది. కబడ్డీలో కూత ఎవరిదో ఆ కాసేపూ ఆట వాడిదైనట్టు. తేడా ఏమంటే ఇక్కడ కూత క్షణానికి రెండుసార్లు చేతులు మారుతుంది, ఎవరి దగ్గరుందో చెప్పాల్సింది రిఫరీ. అందుకే ఫాయిల్ ఫైనల్స్‌లో కత్తుల చప్పుడు కంటే వాదులాట ఎక్కువ వినబడుతుంది. ఎపీలో ఈ గొడవ లేదు, ఇద్దరూ తగిలితే ఇద్దరికీ చెరో పాయింటు.

◆ 1924 పారిస్ నుంచి 1992 బార్సిలోనా దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఫాయిల్ తప్ప వేరే కత్తి లేదు. ఎపీ 1996లో ఇచ్చారు. సేబర్ 2004 ఏథెన్స్‌లో. అంటే చెన్నై బడిలో ఈ పిల్ల వెదురుబద్ద పట్టే రోజుల్లోనే ఆ కత్తికి ఒలింపిక్స్‌లో చోటు వచ్చింది. ఓ తరం ముందు పుట్టి ఉంటే ఎంత బాగా ఆడినా ఎక్కడ ఆడేది?

◆ 1924లో ఆ మొదటి ఫాయిల్ బంగారం డెన్మార్క్ ఆవిడ ఎలెన్ ఓసియర్‌ది. ఆడిన పదహారు బౌట్లూ గెలిచింది. భర్త ఇవాన్ ఓసియర్ కూడా ఫెన్సరే. 1908 నుంచి 1948 దాకా నలభై ఏళ్ళలో ఏడు ఒలింపిక్స్ ఆడాడు, దక్కింది ఒక్క వెండి. యూదుడు కాబట్టి 1936 బెర్లిన్‌కు వెళ్ళనన్నాడు.

◆ అదే బెర్లిన్‌కు వెళ్ళిన యూదు ఫాయిల్ క్రీడాకారిణి కథ వేరు. హెలెనే మాయర్ తండ్రి యూదుడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేడేళ్ళకే జర్మనీకి బంగారం తెచ్చింది. 1932 లాస్ ఏంజెలెస్ ఆటల తర్వాత చదువుకోసం కాలిఫోర్నియాలో ఉండిపోయింది. హిట్లర్ వచ్చాక సొంత ఊరు ఒఫెన్‌బాఖ్‌లోని క్లబ్బు ఆమె పేరు కొట్టేసింది. తీరా బెర్లిన్ ఆటలు దగ్గరపడి, యూదుల్ని తరిమేశారేమని లోకం నిలదీస్తుంటే, చూపించుకోవడానికి ఆమెను పిలిపించారు. వచ్చి ఆడింది, వెండి గెలిచింది, పతకాల వేదికమీద నాజీ సెల్యూట్ చేసింది. ఎందుకు చేసిందన్నదానిమీద ఇప్పటికీ తగువే. నాకైతే ఆ వేదిక ఫొటోలో ఆమె కంటే పక్కనున్న బంగారు పతక విజేతే ఆసక్తి. హంగరీకి చెందిన ఇలోనా ఎలెక్, ఆమె కూడా యూదు కుటుంబపు బిడ్డే! యుద్ధం పన్నెండేళ్ళు ఒలింపిక్స్‌ను మింగేశాక, 1948 లండన్‌లో నలభై ఒకటో ఏట ఎలెక్ మళ్ళీ బంగారం గెలిచింది. 1952లో వెండి. మాయర్ 1953లో, నలభై రెండేళ్ళకే పోయింది.

◆ ఇటలీలో యేజీ అని ఓ ఊరుంది. జనాభా నలభై వేలు. మన తణుకు కంటే చిన్నది, తాడేపల్లిగూడెంలో సగం కూడా లేదు. 1992 నుంచి 2012 వరకు ఆరు ఒలింపిక్స్ జరిగితే, మహిళల ఫాయిల్ వ్యక్తిగత బంగారం ఐదుసార్లు ఈ ఒక్క ఊరికే వెళ్ళింది. 1992లో జొవాన్నా త్రిల్లీని, 2000, 2004, 2008 మూడూ వాలెంతీనా వెజ్జాలీ, 2012లో ఎలీసా ది ఫ్రాంచిస్కా. మధ్యలో 1996 ఒక్కటి రొమేనియా ఎత్తుకుపోయింది, అప్పుడు కూడా వెండి వెజ్జాలీదే.

కారణం నీళ్ళా, గాలా అని వెతకనక్కర్లేదు. ఎత్సియో త్రిక్కోలీ అనే మాస్టారు. రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడి దక్షిణాఫ్రికాలో యుద్ధఖైదీగా ఉన్నప్పుడు ఈయన కత్తి పట్టడం నేర్చుకున్నాడు. విడుదలై ఊరికొచ్చి, 1947లో క్లబ్బు పెట్టాడు. ఆ ఊరికి ఫెన్సింగ్ వారసత్వమంతా ఖైదు శిబిరం నుంచి వచ్చిందే. భారీ స్టేడియాలకు శంకుస్థాపనలు చేసే ముందు మనవాళ్ళు ఇలాంటి మాస్టారొకడు ఊళ్ళో ఉన్నాడేమో చూసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

◆ ఆ వెజ్జాలీ గురించి ఇంకొంచెం. ఒలింపిక్ బంగారాలు ఆరు, మొత్తం పతకాలు తొమ్మిది. ఉద్యోగం పోలీసుశాఖలో. 2005 జూన్‌లో బాబు పుట్టాడు, అక్టోబరులో లైప్‌జిగ్‌లో ప్రపంచ టైటిల్ గెలిచింది. బాలింత పథ్యం ఎన్నాళ్ళని ఇటలీలో అడిగే పెద్దవాళ్ళు లేరు కాబోలు! తర్వాత పార్లమెంటు సభ్యురాలైంది, 2021లో ప్రధాని ద్రాఘీ ప్రభుత్వంలో క్రీడల బాధ్యత చూసింది.

◆ ఆసియా ఖండానికి ఫెన్సింగ్‌లో తొలి ఒలింపిక్ బంగారం కూడా ఫాయిల్‌లోనే వచ్చింది. 1984లో చైనా క్రీడాకారిణి లువాన్ జుజియే గెలిచింది. అంతకు ఆరేళ్ళ ముందు మాడ్రిడ్ యువజన ప్రపంచ పోటీలో ఎదుటి కత్తి విరిగి, ముక్క ఆమె చేతిలో దిగబడింది. ఆట ఆపలేదు, వెండి గెలిచాకే ఆసుపత్రికి వెళ్ళింది. తర్వాత కెనడాలో స్థిరపడి పిల్లలకు నేర్పుతూ, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు యాభయ్యో ఏట కెనడా జెర్సీతో వచ్చింది. మొదటి బౌట్ గెలిచింది కూడా. ఈమధ్య ఫాయిల్‌లో ఆసియా పేరు హాంకాంగ్ కుర్రాడు చియుంగ్ కా లాంగ్ నిలబెడుతున్నాడు. టోక్యోలో బంగారం, పారిస్‌లో మళ్ళీ బంగారం.

◆ విరిగిన కత్తి అందర్నీ చేయి గుచ్చి వదల్లేదు. 1980 మాస్కో ఫాయిల్ విజేత, సోవియట్ క్రీడాకారుడు వ్లదీమిర్ స్మిర్నోవ్ 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో ఆడుతుంటే పశ్చిమ జర్మనీ ఫెన్సర్ మథియాస్ బేర్ కత్తి విరిగి, మాస్కు జాలీని చీల్చుకుని కంట్లోంచి మెదడుకు చేరింది. కొద్దిరోజులకు ఆయన చనిపోయాడు, వయసు ఇరవై ఎనిమిది. తప్పు ఎవరిదీ కాదు, ఉక్కుది. ఆ తర్వాతే పగుళ్ళు అంత సులువుగా పాకని మరేజింగ్ ఉక్కుతో కత్తులు, గట్టి మాస్కులు, 800 న్యూటన్ల పోటు తట్టుకునే దుస్తులు వచ్చాయి. ఈవేళ భవాని తొడుక్కునే తెల్లకోటు అంత ఖరీదు కావడం వెనక ఆ మరణం ఉంది.

◆ కరెంటు తీగల ముచ్చట. ఆటగాడి వెనక తాడులా కనబడేది వైరు. కత్తి తగిలితే సర్క్యూట్ మారి లైటు వెలుగుతుంది. ఒలింపిక్స్‌లో ఎపీకి 1936లో, ఫాయిల్‌కు 1956లో, సేబర్‌కు 1992లో కరెంటు వచ్చింది. అంతకుముందు నలుగురు న్యాయనిర్ణేతలు కళ్ళార్పకుండా చూసి చెప్పాల్సిందే. కరెంటు వచ్చాక కొత్త దొంగతనాలూ వచ్చాయి. 1976 మాంట్రియల్‌లో, ఫెన్సింగ్ కూడా ఒక భాగమైన మోడర్న్ పెంటాథ్లాన్ ఆడుతున్న సోవియట్ సైనికాధికారి బోరిస్ ఒనిషెంకో పిడిలో రహస్యంగా స్విచ్చి పెట్టుకున్నాడు. నొక్కితే కత్తి గాల్లో ఉన్నా లైటు వెలిగేది. బ్రిటన్ జట్టు పట్టేసింది, ఆయన్ని ఇంటికి పంపేశారు.

ఫాయిల్‌వాళ్ళు నియమాన్ని మీరకుండానే ఇంకో ఉపాయం కనిపెట్టారు. కత్తిని కొరడాలా విదిలించి, మొన వంగి ఎదుటివాడి వీపుమీద గుచ్చుకునేలా చేసేవారు. 2005 ప్రాంతంలో, మొన పద్నాలుగు మిల్లీసెకన్లకు అటూఇటూగా ఒంటిని నొక్కి ఉంచితేనే లైటు వెలిగేలా స్కోరింగ్ పెట్టెల్ని మార్చారు. కొరడా దెబ్బలు చాలామటుకు తగ్గాయి.

◆ టోక్యో ఒలింపిక్స్‌కు భవాని వెళ్ళిన దారి కూడా మిగులు లెక్కే. జట్టుగా అర్హత సంపాదించిన దేశాల వాళ్ళను పక్కనపెట్టి, మిగతావాళ్ళలో ఖండాలవారీగా ర్యాంకులు చూసి చోట్లు ఇస్తారు. 2021 మార్చిలో బుడాపెస్ట్ ప్రపంచకప్ ముగిశాక ఆసియా–ఓషియానియా కోటాలో చోటు ఆమెకు తేలింది. అప్పటికి ప్రపంచ ర్యాంకు నలభైల్లో ఉంది. ఇది అదృష్టమని కొట్టిపారేసేవాళ్ళు, ఆ నలభైల్లోకి చేరడానికి పదో తరగతి తర్వాత ఇల్లొదిలి కేరళలో తలశ్శేరిలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రానికి, అక్కణ్ణుంచి ఇటలీలో లివోర్నోలో నికోలా జనోత్తి దగ్గరికి వెళ్ళి ఉన్న ఏళ్ళు లెక్కలోకి తీసుకోవాలి.

జూలై 26న మొదటి బౌట్‌లో ట్యునీషియా అమ్మాయి నదియా బెన్ అజీజీని 15–3తో ఓడించింది. రెండోదాంట్లో ఫ్రాన్స్ క్రీడాకారిణి మనోన్ బ్రూనే చేతిలో 7–15. ఆ బ్రూనే చివరికి కంచు పతకం తీసుకుంది. ఓడినందుకు భవాని దేశానికి క్షమాపణ చెబుతూ సోషల్ మీడియాలో రాసింది. ఎందుకో అర్థం కాదు.

◆ ఆ టోక్యో తర్వాత సంతకం చేసి ప్రధానికి కానుకిచ్చిన ఆమె కత్తిని 2021లో కానుకల ఈ–వేలంలో పెడితే కోటీ పాతిక లక్షలు పలికింది. డబ్బు గంగానది ప్రక్షాళన పథకం నమామి గంగేకు వెళ్ళింది. ఒకప్పుడు విరుగుతుందని బయటికి తియ్యని కత్తి!

◆ 2017లో రెయిక్యావిక్‌లో శాటిలైట్ ప్రపంచకప్ బంగారం, 2018 కాన్‌బెర్రాలోనూ 2022 లండన్‌లోనూ కామన్వెల్త్ ఫెన్సింగ్ బంగారాలు ఆమె ఖాతాలో ఉన్నాయి. అర్జున అవార్డూ వచ్చింది. నన్నడిగితే అన్నిటికంటే పెద్దది 2023లో చైనాలోని వూషీలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్. క్వార్టర్స్‌లో ఎదురుగా జపాన్‌కు చెందిన మిసాకి ఎమురా, అప్పటి ప్రపంచ విజేత. భవాని 15–10తో గెలిచింది. సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్ అమ్మాయి జైనాబ్ దైబెకోవా 15–14తో గట్టెక్కింది. ఒక్క పాయింటు. ఈ పోటీల్లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కంచు ఇచ్చేస్తారు గనక ఆసియా ఛాంపియన్‌షిప్‌లో భారత్‌కు తొలి పతకం వచ్చింది. ఒలింపిక్స్‌లో మాత్రం ఆ కంచుకు కూడా ఇంకో బౌట్ ఆడాలి.