మళ్ళీ కైలాసం దారి: కాళ్ళకు సుబేదారిలో సాధన

సుబేదారి: నిజాం కాలంలో సుబేదారు కొలువుండిన పేట గనుక దీనికి సుబేదారి అన్న పేరు నిలిచింది. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ పరిసరాలలో తెల్లవారకముందే నడకకు వచ్చేవారికి కొదవ లేదు. చక్కెర జబ్బు కోసం నడిచేవారు కొందరు, రక్తపోటు కోసం నడిచేవారు కొందరు. ఎప్పుడో వయసులో ఉండగా కైలాస మానస సరోవరం చూసివచ్చి, మళ్ళీ ఒక్కసారి పోవాలని తలచేవారికి మాత్రం ఈ నడక లెక్క వేరు.

చైనా యుద్ధం నాటికి మూతపడిన ఈ యాత్రా మార్గం 1981లో తెరుచుకున్నది. విదేశాంగ శాఖ ఏటా జట్లను పంపుతూ వచ్చింది. కరోనా రోజుల్లో 2020లో నిలిచిపోయిన యాత్ర అయిదేళ్ళ తరువాత 2025 వేసవిలో గాని మళ్ళీ మొదలు కాలేదు. ఆ ఏడు 5,561 మంది దరఖాస్తు పెట్టుకోగా, కంప్యూటరు లాటరీలో 750 మందికి అవకాశం దక్కింది. 50 మంది చొప్పున 5 జట్లను లిపులేఖ్ కనుమ దారికి, 10 జట్లను సిక్కింలోని నాథూలా దారికి కేటాయించారు.

అయిదేళ్ళు ఆగిపోవటం కుర్రవాళ్ళకు పెద్ద నష్టం కాదు. పాతవారికే అది గట్టి దెబ్బ. 2025 నిబంధనల ప్రకారం 70 ఏళ్ళు దాటినవారిని పంపరు. 1985లో 30 ఏళ్ళ వయసున నడిచివచ్చిన మనిషికి 2025 నాటికి సరిగ్గా 70 వచ్చాయి. ఒక్క ఏడు తప్పినా తలుపు మూసుకున్నట్లే.

ఇంట్లో వినిపించే మాట ఒక్కటే. "ఒకసారి చూసివచ్చారు గదా, ఈ వయసులో మళ్ళీ ఎందుకండీ?" ఆ మాట వెనుక భయం ఊరికే పుట్టింది కాదు. 1998 ఆగస్టులో ఇదే దారిలోని మాల్పా వద్ద కొండచరియ విరిగిపడి 200 మందికి పైగా మరణించారు. వారిలో యాత్రికులు ఎందరో ఉన్నారు.

దారి మారింది

ఆనాడు ధార్చులా దాటిన తరువాత రోజుల తరబడి కాలినడకే. గాలా, బుధి, గుంజి మజిలీలు. గాలా తరువాత 4,444 మెట్లుగా పేరుపడిన దిగుడు. సామాను కంచర గాడిదల మీద వచ్చేది. 2020లో లిపులేఖ్ వైపు రోడ్డు పడింది. 2025లో ఆ దూరం చాలా మటుకు వాహనాల్లోనే గడిచింది. టిబెట్‌లో కైలాసం చుట్టూ చేసే 52 కిలోమీటర్ల పరిక్రమ మాత్రం అలాగే ఉన్నది. అందులో డోల్మా కనుమ ఎత్తు 18 వేల అడుగుల పైచిలుకు.

రోడ్డు పడితే సుఖమే గదా అనిపించవచ్చు. చిక్కు అక్కడే ఉన్నది. మెల్లగా నడిచి ఎక్కినప్పుడు పలుచని గాలికి ఒళ్ళు రోజురోజుకూ అలవాటు పడేది. బండిలో పోతే ఆ వ్యవధి తగ్గుతుంది. 18 వేల అడుగుల వద్ద ఒక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టం వద్ద అందేదానిలో సగమే. "అప్పుడు నాకేమీ కాలేదు" అన్న ధీమా ఇప్పుడు పనికిరాదు.

సాధన ఎలా?

ఓరుగల్లు అంత ఎత్తైన చోటు కాదు. ఎత్తుకు ఇక్కడ సాధన చేయలేము, కాళ్ళకు మాత్రం చేయవచ్చు. చదును నేల మీద నడక ఒక్కటే చాలదు. పద్మాక్షి గుట్ట వంటి చోట వీపున బరువు వేసుకుని ఎక్కటం, దిగటం అలవాటు చేసుకోవాలి. మోకాళ్ళకు ఎక్కటంకన్న దిగటమే ఎక్కువ పరీక్ష. కనీసం మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. ఎత్తుకు తగిన బరువు కూడా నిబంధనల్లో ఉన్నది గనుక నోరు కట్టుకోక తప్పదు.

అటక మీది పాత బూట్లు దింపి తొడగరాదు. చూపుకు గట్టిగానే ఉన్నా, ఏళ్ళు గడిచిన అట్ట కొండ మీద పొడిపొడిగా ఊడివస్తుంది. కొత్తవి కొని, ఇక్కడే వాడి మెత్తబరచుకోవాలి. ఎత్తు జబ్బుకు మాత్రలు ఉన్నా వాటిని డాక్టరు చెప్పకుండా మింగరాదు. తలనొప్పి, వాంతులు, తూలుడు కనిపిస్తే దాచకుండా చెప్పాలి. ముదిరితే కిందికి దిగటమే మందు.

ఢిల్లీలో వైద్య పరీక్ష నెగ్గినా లిపులేఖ్ దారిన గుంజిలో మరో పరీక్ష ఉంటుంది. అక్కడ తేడా వస్తే వెనక్కు పంపుతారు. ఒకసారి పరిక్రమ పూర్తిచేసి వచ్చినవారికి ఈ మాట మింగుడు పడదు. అయినా గుంజిలో డాక్టరు వద్దంటే, కట్టిన డబ్బు, చేసిన సాధన తలచుకోకుండా తిరుగుముఖం పట్టటానికి కూడా సుబేదారిలో ఉండగానే సిద్ధపడాలి. ఇంటిల్లిపాదికీ అంతకు మించిన ధైర్యం మరొకటి లేదు.