‘మే’, ‘షల్’ : అర్థభేదము

ఆంగ్లభాషలోని ‘మే’, ‘షల్’ అను పదములు రెండును సహాయక క్రియలే. రెండును ప్రధానక్రియకు తోడుగా నిలుచును. కర్త ప్రథమపురుషైకవచనమైనను రూపము మారదు. వ్యాకరణమున ఇంత సామ్యమున్నను అర్థమున దూరము హెచ్చు. ప్రాచీనాంగ్లమున మొదటిదాని మూలధాతువు శక్తిని, రెండవదాని మూలధాతువు ఋణపడియుండుటను తెలిపెడివి. శక్తినుండి అవకాశము, అనుమతి అను అర్థములును, ఋణమునుండి విధ్యర్థమును పుట్టినవి. ఉత్తమపురుషతో ‘షల్’ కేవల భవిష్యత్తును తెలుపుటయు కలదు గాని, శాసనభాషలో విధ్యర్థమే ప్రధానము.

భారత రాజ్యాంగమున 343వ అధికరణము హిందీని కేంద్రమునకు అధికారభాషగా ‘షల్’తో విధించినది. 345వ అధికరణము రాష్ట్ర శాసనసభకు తన భాషను ఎన్నుకొను అధికారమును ‘మే’తో ఇచ్చినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1966లో ఆ అధికారమును వినియోగించి తెలుగును అధికారభాషగా స్వీకరించినది.

ఈ భేదము ఎంత దూరము పోగలదో 1963 నాటి అధికార భాషల చట్టము చూపినది. 1965 తరువాతను హిందీతోపాటు ఆంగ్లమును వాడుటకు అందు ‘మే’ ప్రయోగింపబడెను. వాడవచ్చుననగా వాడకపోవచ్చుననియు అగునుగదా అని హిందీయేతర ప్రాంతములవారు శంకించిరి. ఈ ‘మే’కు ‘షల్’ అనియే అర్థమని ప్రధాని నెహ్రూ సమాధానము చెప్పెను. అయినను శంక తీరలేదు. 1965లో మద్రాసు రాష్ట్రమున తీవ్రాందోళన చెలరేగెను. 1967 నాటి సవరణలో ‘మే’ యథాస్థానముననే నిలిచెను గాని, హిందీని స్వీకరింపని రాష్ట్రములతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములకు ఆంగ్లమునే వాడవలెనని ‘షల్’తో వేరొక నిబంధన చేరెను.

తెలుగున ‘మే’కు ‘వచ్చును’, ‘షల్’కు ‘వలెను’ సరిపోవును. చిక్కు వ్యతిరేకార్థమున కలుగును. ‘మే నాట్’ అను ప్రయోగము సందర్భమునుబట్టి నిషేధమును కావచ్చును, సంభావనయు కావచ్చును. తెలుగు ఈ రెంటిని ‘వాడరాదు’, ‘వాడకపోవచ్చును’ అని విడదీయును. ‘షల్ నాట్’ నిషేధమే. దానిని ‘వాడనక్కరలేదు’ అని అనువదించినచో నిషేధము పోయి స్వేచ్ఛ మిగులును. కాబట్టి శాసనానువాదకుడు పదమునకు పదము పెట్టి తృప్తిపడరాదు. ఆ వాక్యము అధికారమిచ్చుచున్నదో, విధించుచున్నదో, నిషేధించుచున్నదో ముందు నిర్ణయించుకొని, పిమ్మట తెలుగు క్రియను ఎన్నుకొనవలెను.