చేతికి కట్టే బ్యాండు, సిస్టరు చేతిలో స్కానరు



కిందటి నెల ఆడవాళ్ల వార్డులో ఒక అవ్వ చేయి చాపనంది. శిరివెళ్ల దగ్గర పల్లె నుంచి వచ్చిన పెద్దామె. అడ్మిషన్ కౌంటరులో ముద్రించి ఇచ్చిన బ్యాండు మీద నల్ల గీతలు చూసి, "ఏం సిస్టరమ్మా, నేనేమన్నా అంగట్లో సబ్బుబిళ్లనా, గీతలేసి లెక్కబెట్టేదానికి?" అని అడిగింది. పక్కనున్న కోడలు, "ఆ గీతల్లో ఆరొందల అరవై ఆరు ఉంటదంట, మా కూటంలో చెప్పినారు" అన్నది. అంతే, చుట్టుపక్కల మంచాల మీద ఉన్నవాళ్లు కూడా తమ చేతుల వైపు చూసుకోవడం మొదలుపెట్టారు.

రౌండ్సు సమయం కావడంతో ఆ రోజు వారికి నిదానంగా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. అయితే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అవసరం లేదు. మే నెల. మన సీమ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. వార్డులో ఒకే పేరు గల ఇద్దరు స్త్రీలు ఉన్నారు. 7వ మంచం ఆమెకు షుగరు. 9వ మంచం ఆమె టైఫాయిడ్‌తో వచ్చింది. 9వ మంచం మీద ఫ్యాను తిరగడం లేదు. మధ్యాహ్నం ఇద్దరూ మాట్లాడుకుని, "జ్వరం మనిషివి, నువ్వు ఈడ పడుకో అక్కా" అని మంచాలు మార్చుకున్నారు. మంచి మనసుతోనే మార్చుకున్నారు, మాకు మాత్రం చెప్పలేదు.

రాత్రి 8 గంటలకు ట్రే పట్టుకుని 7వ మంచం దగ్గరకు వెళ్లాను. పేరు పెట్టి పిలిచాను. "ఆఁ అమ్మా" అన్నది. మంచం నంబరు సరిపోయింది, పేరు సరిపోయింది. షుగరు మాత్ర, గ్లిబెన్‌క్లమైడ్, చేతిలో పెట్టి నీళ్లు ఇచ్చాను. ఆమె ఆ రాత్రి రెండు గుక్కల గంజి తప్ప ఏమీ తీసుకోలేదు. రాత్రి రెండింటప్పుడు ఆయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. వెళ్లి చూస్తే ఒళ్లంతా చెమట, చీర తడిసి ముద్దయింది, పిలిస్తే అర్థం లేని మాటలు. ఆమె తల్లి గాలి సోకిందని ఏడుస్తున్నది. డాక్టరుగారు వచ్చి పరీక్ష కోసం ఆగకుండా 25 శాతం గ్లూకోజు నరానికి ఎక్కించారు. కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచి తల్లిని గుర్తుపట్టింది. ఈ మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది, షుగరు మళ్లీ పడిపోతుంది. అందుకని మర్నాడు సాయంత్రం దాకా గ్లూకోజు బాటిలు ఆపలేదు. ఆమె బతికింది. జరిగినది డాక్టరుగారికి, మేట్రన్‌గారికి, ఆ తల్లికి చెప్పాను. ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో.

ఇస్సాకు కథ మీకందరికీ తెలుసు. చూపు ఆనని ముసలితనంలో, గొంతు విని అనుమానం వచ్చినా, చేతులు తడిమి చూసి ఆ ఒక్క గుర్తునే నమ్మాడు. చేతులకు కప్పినది మేకపిల్లల తోలు. ఒక్క గుర్తు మీద ఆధారపడితే మారువేషం లేకుండా కూడా మోసపోవచ్చని నాకు ఆ రాత్రి తెలిసింది.

పేరు అడిగితే చాలదా అంటారు. మన ప్రాంతంలో చాలదు. అహోబిలం, మద్దిలేటి క్షేత్రాల చుట్టూ ఉన్న ఊళ్లలో ఓబులేసులు, మద్దిలేటిలు ఎంతమందో లెక్కేయండి. ఆళ్లగడ్డ ఓపీలో ఒక పేరు పిలిస్తే ముగ్గురు లేస్తారు. మన సంఘాల్లో ఇంకో చిక్కు ఉంది. కార్డులో పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు మరొకటి. చీటీ రాయించేటప్పుడు కొడుకు కార్డులో పేరు చెబుతాడు, వార్డులో కూతురు "మా అమ్మ పేరు అది కాదు" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పోనీ పుట్టిన తేదీ చూద్దామా? పెద్దవాళ్ల ఆధార్ కార్డులు తీసి చూడండి, చాలామందికి జనవరి 1. తేదీ తెలియక సంవత్సరం మాత్రమే చెప్పినవాళ్లందరికీ అదే పడింది. చిరునామా కూడా నమ్మకం లేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది గాని, ఇంకా కర్నూలు జిల్లా అని ఉన్న కార్డులు మా కౌంటరుకు రోజూ వస్తాయి. అందువల్ల మనిషికి ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరును ఆ మనిషి చేతికే కట్టడం అవసరమైంది. ఫ్యాను కోసం మంచం మారినా చెయ్యి మారదు కదా.

గీతల్లో ఏముంది?

మీ నంబరు ఉంది, అంతే. స్కానరు నుంచి వెలుగు గీతల మీద పడుతుంది. తెల్లని సందులు వెలుగును తిప్పి పంపుతాయి, నల్లని గీతలు మింగేస్తాయి. ఏ గీత లావు, ఏ గీత సన్నం అన్నది చూసుకుని యంత్రం దాన్ని అంకెలుగా మార్చుకుంటుంది. మీ జబ్బు, మీ కులం, మీ ఆధార్ నంబరు, ఏవీ ఆ గీతల్లో లేవు. బ్యాండు ఎక్కడైనా పడిపోయి వేరేవాళ్లు ఫోనుతో చూసినా వాళ్లకు కనిపించేది కొన్ని అంకెలు మాత్రమే. టీబీ మందులో, హెచ్ఐవీ మందులో వాడుతున్నవారు ఈ విషయంలో భయపడనక్కర్లేదు.

సిస్టరు చేతిలో ఉండేది లావుపాటి సెల్‌ఫోను వంటి చిన్న కంప్యూటరు. కొరియరు అబ్బాయి పార్సిలు ఇచ్చేటప్పుడు టిక్కుమనిపించే యంత్రం చూసి ఉంటారు, ఆ జాతిదే. సిస్టరు మొదట తన గుర్తింపు కార్డు చూపిస్తుంది. తర్వాత మీ బ్యాండు. అప్పుడు మీ పేరు, ఆ వేళకు మీకు డాక్టరు రాసిన మందులు తెర మీదకు వస్తాయి. తర్వాత మందు ప్యాకెట్టు. అన్నీ కలిస్తే టిక్కుమని, ఇచ్చిన సమయం దానంతట అదే రాసుకుంటుంది. కలవకపోతే తెర ఎర్రబడి గట్టిగా మోగుతుంది. ఆ మోత విని ఒకాయన "మిషను చెడిపోయింది, సిస్టరూ" అన్నాడు. అయ్యా, అది మోగినప్పుడే పని చేస్తున్నట్టు.

గీతల ఆలోచన పాతదే. ఇద్దరు అమెరికన్లు, వుడ్‌లాండ్, సిల్వర్, 1952లో పేటెంటు పొందారు. అంగట్లో మొదటిసారి 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీద వాడారు. రోగి మంచం దగ్గరికి దీన్ని తెచ్చినది మాత్రం ఒక నర్సు. ఈ మాట రాయడం నాకు సంతోషం. 1992లో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలోని మాజీ సైనికుల ఆసుపత్రి నర్సు స్యూ కినిక్ సియాటిల్‌లో అద్దె కారు తిరిగి అప్పగిస్తూ, అక్కడి మనిషి చేతి యంత్రంతో కారును స్కాన్ చేయడం చూసింది. కారుకు చేసే పని మందుకు ఎందుకు చేయకూడదనుకుంది. ఆమె ఆలోచన మీద తయారైన పద్ధతి 2000 నాటికి ఆ దేశంలోని మాజీ సైనికుల ఆసుపత్రులన్నిటికీ చేరింది.

దీనివల్ల ఫలితం ఎంత? బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో 14 వేలకు పైగా డోసులు ఇస్తుండగా పక్కన నిలబడి చూసి లెక్కగట్టారు. 2010లో అచ్చయింది. వేళ తప్పడం కాక ఇతర పొరపాట్లు, స్కానింగు లేనిచోట నూటికి 11.5, ఉన్నచోట 6.8. బాగా తగ్గాయి. అయితే ఆ 6.8ని కూడా చూడమని మా అమ్మాయిలకు చెబుతుంటాను.

ఇక కోడలు అడిగిన ప్రశ్న. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయానికి అర్థం చెప్పడం నా పని కాదు, అది పాస్టరుగారిని అడగండి. గీతల సంగతి అయితే చెప్పగలను. అంగడి వస్తువుల మీది గీతల్లో మొదట్లో, మధ్యలో, చివర్లో రెండేసి సన్నగీతలు కొంచెం పొడుగ్గా ఉంటాయి. 6 అంకెకు వాడే గుర్తులో కూడా సన్నగీతలు రెండు ఉండడంతో, ఆ మూడు చోట్లా 6, 6, 6 ఉందన్న మాట పుట్టింది. నిజానికి ఆ పొడుగు గీతలు ఏ అంకెనూ చెప్పవు. ఇక్కడ మొదలు, ఇది సగం, ఇక్కడితో సరి అని యంత్రానికి హద్దులు చూపుతాయి. ఆ గీతల పద్ధతిని ఐబీఎం కంపెనీలో రూపొందించిన జార్జ్ లారర్ గారే ఆ పోలిక కాకతాళీయమని, అందులో ఏ అర్థమూ లేదని చెప్పారు. పైగా మన బ్యాండు మీద వాడేది వేరే రకం, దాంట్లో మధ్య హద్దు అసలు లేదు. ఇంత చెప్పాక అవ్వ కాసేపు ఆలోచించి, "అయితే ఎడమ చేతికి కట్టు" అన్నది. ఎడమ చేతికే కట్టాం. మాకు ఏ చెయ్యి అయినా ఒకటే.

ఆళ్లగడ్డ నుంచి వచ్చే రక్తం సీసాలు

వార్డు కంటే ల్యాబు పనిలో ఈ యంత్రం ఎక్కువ అక్కరకొచ్చిందని నా అభిప్రాయం. ఆళ్లగడ్డలో తీసిన రక్తం సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేసి నంద్యాల ల్యాబుకు రావాలి. ఇదివరకు ట్యూబుల మీద పెన్నుతో పేరు రాసేవాళ్లం. పెట్టెలో చెమ్మకు సిరా చెదిరేది. ఇంకా ప్రమాదం, పని తేలిక కోసం ముందే పది ట్యూబుల మీద పేర్లు రాసి పెట్టుకుని, తర్వాత వరుసగా రక్తం తీయడం. వరుసలో ఒకరు మూత్రానికి లేచి వెళ్తే మిగతా వరుస అంతా ఒక మనిషి జరిగిపోతుంది.

ఇప్పుడు ముందు మనిషి చీటీని స్కాన్ చేయాలి, రక్తం తీయాలి, ఆ మనిషి కుర్చీలోంచి లేవకముందే లేబులు అంటించి ట్యూబును స్కాన్ చేయాలి. సిగ్నలు లేకపోతే యంత్రం అంతా తనలో దాచుకుని, దొరికినప్పుడు పంపుతుంది. నంద్యాలలో పెట్టె తెరవగానే మళ్లీ స్కాన్ చేస్తారు. బయలుదేరినవి ఎన్ని, చేరినవి ఎన్ని వెంటనే తెలుస్తుంది. రక్తం తీసిన సమయం కూడా తెలుస్తుంది, అది చిన్న విషయం కాదు. వేరుచేయని రక్తం గంటల తరబడి నిలవుంటే కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి, రిపోర్టులో లేని ఎక్కువ కనిపిస్తుంది. కిడ్నీ రోగి ఇంటివాళ్లు ఆ అంకె చూసి హడలిపోతారు. ఇప్పుడు ట్యూబు ఆలస్యమైందని తెలిస్తే ల్యాబువాళ్లు రిపోర్టు ఇవ్వరు, మళ్లీ తీయమంటారు. "మళ్లీ సూది ఎందుకమ్మా" అని కోప్పడవద్దు.

యంత్రానికి తెలియనివి కూడా ఉన్నాయి. మీకు పెన్సిలిన్ పడదని మీరు చెప్పకపోతే దానికి తెలియదు. డాక్టరు రాసినదే తప్పయితే తప్పునే టిక్కుమని ఒప్పుకుంటుంది. అడ్మిషన్లో ఒకరి బ్యాండు ఇంకొకరికి కడితే డిశ్చార్జి దాకా ఆ తప్పే నిజమై కూర్చుంటుంది. అందుకే బ్యాండు కట్టే ముందు "మీ పేరు ఫలానాయేనా" అని అడగం, "మీ పేరు చెప్పండి" అంటాం. మన దగ్గర ఫలానాయేనా అంటే సగంమంది మర్యాదకో, వినబడకో ఆఁ అంటారు.

మా తప్పులూ ఉంటాయి. 2008లో అమెరికాలో ఒక అధ్యయనం, స్కానింగును తప్పించుకోవడానికి సిబ్బంది వాడే అడ్డదారులు 15 రకాలని, వాటికి కారణాలు 31 అని తేల్చింది. తడిసిన బ్యాండు, అయిపోయిన బ్యాటరీ, గీతలు లేని మందు, ఇలాంటివి. బ్యాండ్లకు నకళ్లు తీసి బల్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నచోటే స్కాన్ చేయడం వాటిలో అన్నిటికన్నా చెడ్డది. మన వార్డులో పాత బ్యాండు కత్తిరించి నా బల్ల మీద పెడితేగాని కొత్తది ముద్రించరు. సిస్టర్లకు ఇది చిరాకే, నాకు తెలుసు.

మందు షీటు ఇంకో తలనొప్పి. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద బార్ కోడ్ లేదా క్యూఆర్ కోడ్ ఉండాలని చట్టం వచ్చింది. డోలో, కాల్‌పాల్, అలెగ్రా, షెల్‌కాల్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మీ ఫోనుతో చూసినా మందు పేరు, కంపెనీ, బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు రావాలి. కానీ మనవాళ్లు నాలుగు మాత్రలే కొంటారు. అంగడాయన కత్తెరతో కోసి ఇచ్చే నాలుగు మాత్రల మీద కోడ్ ఉండదు, ఒక్కోసారి గడువు తేదీ కూడా ఉండదు. గడువు, బ్యాచి ఉన్న వైపు ముక్క ఇమ్మని అడగండి. వార్డులో మేము విడి మాత్రలను ఫార్మసీలోనే చిన్న కవర్లలో వేసి, మా లేబులు అంటించి తెస్తున్నాం.

వార్డులో ఉన్నవారు, వెంట ఉండేవారు చేయవలసింది కొంచెమే. స్నానానికని, గోరింటాకుకని బ్యాండు విప్పకండి. బిగుతైతే, గీతలు చెరిగితే సిస్టరుకు చూపండి. మంచం మారాలనుకుంటే అడగండి, ఫ్యాను బాగు చేయించే పని నాది. స్కాన్ చేయకుండా ఎవరైనా మందు ఇవ్వబోతే "గీతలు చూడలేదేమ్మా?" అని అడగండి. నన్నైనా అడగండి. యంత్రాన్ని ఒక రోగి నుంచి ఇంకో రోగికి తీసుకెళ్లే ముందు స్పిరిటు దూదితో తుడవాలి. తుడవకపోతే అదీ అడగవచ్చు. చంటిబిడ్డల చేయి సన్నం, గీతలు గుండ్రంగా తిరిగిపోయి అందవు. వాళ్లకు చదరపు గుర్తు ఉన్న బ్యాండు కాలికి కడుతున్నాం. సాక్సులు తొడిగితే స్కానింగుకు ఒక్కసారి తీయనివ్వండి.

అవ్వ పదో రోజున ఇంటికి వెళ్లింది. బ్యాండు కత్తిరిస్తుంటే, "దీన్ని ఎత్తుకుపోదునా, మా మనవడికి చూపిస్తా" అన్నది. ఇవ్వలేదు. కత్తిరించిన ప్రతి బ్యాండునూ గీతలకు అడ్డంగా రెండు ముక్కలు చేసి, వార్డులోనే పారేస్తాం.