తెలివి ఎంత? కూలి ఎంత?

"తెలివి ఉన్నోడు సంపాయిస్తడు. తెలివి లేనోడు కూలి చేస్తడు."

పటాన్‌చెరు బస్తీలలో ఈ మాట తరచుగా వినిపిస్తుంది. కూలి చేసేవాళ్ళు కూడా ఈ మాటే అంటారు. "మా తెలివి గింతే, మా రాత గింతే" అని సరిపెట్టుకుంటారు.

ఈ మాట నిజమేనా? నిజంగా తెలివిని బట్టే డబ్బు వస్తుందా?

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. తమకు తెలివి లేదు అనుకున్న తల్లిదండ్రులు బిడ్డను కూడా బడి మాన్పిస్తారు. తనకు తెలివి లేదు అనుకున్న కార్మికుడు తన జీతం లెక్క అడగడు. అందుకే ఈ మాటను పరీక్షించి చూడాలి.

ఒకే రోడ్డు – ఎన్నో జీతాలు

పటాన్‌చెరు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. 1972లో ఇక్కడ ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వచ్చింది. ఆ రోజుల్లోనే కార్ఖానాలు కూడా మొదలయ్యాయి. తర్వాత పాశమైలారం, బొల్లారం వైపు పెరిగాయి. మందులు, రసాయనాలు, ఇనుప సామాన్లు ఇక్కడ తయారవుతాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం పనికి వచ్చారు. ఒడిశా, బీహార్ రాష్ట్రాల నుంచీ వచ్చారు.

ఇక్కడ ఒకే షెడ్డులో ఇద్దరు పని చేస్తుంటారు. ఒకరు పర్మినెంటు. ఇంకొకరు కాంట్రాక్టు. మిషన్ ఒకటే. పని ఒకటే. జీతం మాత్రం ఒకటి కాదు. ఆ తేడా తెలివిది కాదు. అది కాగితం మీది తేడా.

ఇంకో సంగతి చూడండి. మన ఊరి మేస్త్రీ దుబాయి పోతాడు. ఇక్కడ కట్టిన గోడే అక్కడా కడతాడు. కూలి మాత్రం ఎక్కువ వస్తుంది. విమానం ఎక్కగానే అతని తెలివి పెరిగిందా? లేదు. చోటు మారింది. అంతే.

అంటే కూలిని నిర్ణయించేవి చాలా ఉన్నాయి. ఏ ఊరు, ఏ పని, ఎలాంటి ఒప్పందం, ఎంత చదువు, ఆడా మగా, వెనక ఆస్తి ఉందా అప్పు ఉందా, కార్మికులకు సంఘం ఉందా లేదా – ఇవన్నీ లెక్కకు వస్తాయి.

తెలివిని కొలవవచ్చా?

తెలివి ఒక రకం కాదు. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి చప్పుడులో తేడా విని ప్రమాదం పసిగడతాడు. ఇంట్లో ఆడమనిషి తక్కువ డబ్బుతో నెలంతా నెట్టుకొస్తుంది. చిట్టీ లెక్క నోటితోనే చెబుతుంది. ఇదంతా తెలివే. కాని దీనికి ఎవరూ మార్కులు వేయరు.

తెలివిని కొలిచే పరీక్షలు ఉన్నాయి. ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ అనే ఇద్దరు 1905లో అలాంటి పరీక్ష తయారు చేశారు. బడిలో వెనకబడిన పిల్లలను గుర్తించి సాయం చేయడానికి ఆ పరీక్ష పెట్టారు. పిల్లల తెలివి ఇంతే, ఇక పెరగదు అనే మాటను బినే ఒప్పుకోలేదు. తర్వాత కొందరు అదే పరీక్షను మనుషులను ఎక్కువ తక్కువలుగా విడదీయడానికి వాడారు.

పరీక్షలు ఏం చెప్పాయి?

తెలివికీ సంపాదనకూ అసలు సంబంధమే లేదా? కొంత ఉంది. ఆ మాట కూడా దాచకూడదు.

స్వీడన్ దేశంలో మగపిల్లలకు సైన్యం కోసం పరీక్ష పెట్టేవారు. అలా పరీక్ష రాసిన 59 వేల మంది తర్వాత ఎంత సంపాదించారో పరిశోధకులు చూశారు. ఆ ఫలితం 2023లో బయటికి వచ్చింది. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకు సగటున జీతం కూడా ఎక్కువే. కాని కొంత దూరం దాకానే. బాగా పెద్ద జీతాల దగ్గరికి పోయేసరికి ఆ సంబంధం ఆగిపోయింది. అందరికన్నా పై మెట్టు మీద ఉన్నవాళ్ళ మార్కులు, వాళ్ళ కింది మెట్టు వాళ్ళకన్నా కాస్త తక్కువే ఉన్నాయి!

అమెరికాలో 2007లో ఇంకొక పరిశోధన వచ్చింది. మార్కులు ఎక్కువ ఉన్నవాళ్ళకు ఆదాయం కొంత ఎక్కువ ఉంది. కాని ఆస్తి దగ్గర ఆ తేడా కనబడలేదు. తెలివైనవాళ్ళు కూడా అప్పుల్లో పడ్డారు.

అయితే ఇవి సగటు లెక్కలు. ఒక మనిషి జీతం చూసి అతని తెలివి ఇంత అని వీటితో చెప్పలేము.

లేమి తెలివిని నొక్కుతుందా?

ఇప్పుడు ప్రశ్నను తిరగేసి చూద్దాం. తెలివి లేక పేదరికం వస్తుందా? లేక పేదరికం వల్ల తెలివి పనిచేయదా?

తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పరిశోధకులు పరీక్షించారు. చెరకు రైతుకు ఏడాదికి ఒకసారే డబ్బు వస్తుంది. కోతకు ముందు చేతిలో పైసా ఉండదు. అప్పులు చేస్తాడు, సామాన్లు కుదువ పెడతాడు. కోత అయ్యాక చేతినిండా డబ్బు ఉంటుంది. రెండు వేళల్లోనూ అవే రైతులకు పరీక్ష పెట్టారు. కోత తర్వాత ఎక్కువ బాగా చేశారు. ఆ ఫలితం 2013లో అచ్చయింది.

మనిషి అతనే. బుర్ర అదే. మరి తేడా ఎందుకు వచ్చింది? అప్పు, కిరాయి, బియ్యం, ఫీజు – ఈ దిగులే బుర్రలో కొంత చోటు ఆక్రమిస్తుందని ఆ పరిశోధకులు అన్నారు. అమెరికాలో జీతం రోజుకు ముందూ తర్వాతా చూసిన ఇంకో పరిశోధనలో అంత తేడా కనబడలేదు. కాబట్టి ఇదే చివరి మాట కాదు. కాని రేపటి తిండి గురించి దిగులుపడ్డ ప్రతి మనిషికీ ఈ సంగతి అనుభవంలో ఉన్నదే.

తెలివి పెరుగుతుంది

తెలివి పుట్టుకతో గీసిన గీత కాదు. పుట్టుకతో కొంత వస్తుంది. పెంపకంతో, తిండితో, చదువుతో చాలా మారుతుంది.

గర్భిణికి అయోడిన్ తక్కువైతే కడుపులో బిడ్డ మెదడు సరిగా ఎదగదు. అయోడిన్ ఉప్పు వాడితే ఈ కీడు తప్పుతుంది. ఒంట్లో సీసం చేరినా పిల్లల మెదడు దెబ్బతింటుంది. పాత బ్యాటరీలు కరిగించే చోట పనిచేసేవాళ్ళు స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి రావాలి. లేకపోతే ఆ దుమ్ము పిల్లలకు అంటుకుంటుంది.

బడి కూడా అంతే. ఆరు లక్షల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి 2018లో లెక్క చూశారు. బడిలో గడిపిన ఒక్కొక్క ఏడాదికీ తెలివి పరీక్షలో మార్కులు పెరిగాయని తేలింది. అందుకే బిడ్డను ఒక్క ఏడాది ఎక్కువ చదివించినా అది వృథా పోదు.

లెక్క తెలిస్తే

ఒక చిన్న లెక్క వేయండి. ఒక మనిషి కూలి 8 గంటలకు 480 రూపాయలు అనుకుందాం. అంటే గంటకు 60 రూపాయలు. అతను నెలలో నాలుగు రోజులు, రోజుకు 4 గంటల చొప్పున ఓవర్‌టైం చేశాడు. మొత్తం 16 గంటలు. ఓవర్‌టైంకు రెండింతల కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. తర్వాత వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. కాబట్టి గంటకు 120 చొప్పున 1,920 రూపాయలు రావాలి. మామూలు లెక్కన ఇస్తే 960 మాత్రమే వస్తాయి. అంటే 960 రూపాయలు పోయినట్టే.

ఆ డబ్బు పోయింది తెలివి లేక కాదు. నియమం తెలియక, లెక్క చూసుకోక పోయింది. తెలిసినా ఒంటరిగా అడగలేక కూడా పోతుంది. చదువు ఇక్కడ పనికొస్తుంది. జీతం చీటీ చదవడం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కోత సరిచూడడం, లేబర్ ఆఫీసుకు అర్జీ రాయడం నేర్చుకోవచ్చు. నలుగురూ కలిసి అడిగితే ఇంకా బలం.

కాబట్టి "తెలివి ఉన్నోడు సంపాయిస్తడు" అన్న మాటలో నిజం కొంచెమే. "తక్కువ సంపాయించేవాడు తెలివి తక్కువోడు" అన్న మాట అబద్ధం. కూలి తక్కువ అయితే అడగవలసింది "నా తెలివి ఎంత?" అని కాదు. "నా పనికి న్యాయంగా రావలసింది ఎంత?" అని.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ పనిలో ఏ ఏ తెలివితేటలు కావాలి? వాటి పేర్లు రాయండి.
2. మీరు పనిచేసే చోట ఒకే పనికి వేరు వేరు కూలి ఉందా? ఎందుకు?
3. పోయిన నెల మీ జీతం చీటీ తెచ్చి చదవండి. ఓవర్‌టైం లెక్క సరిగా ఉందా?